మీకంటే కాస్త తక్కువే

కళ్లద్దాలాయన్ని “మీకు జీతం ఎంతొస్తుందండీ?” అని ఎవరడిగినా, అడిగినవాళ్లకి వచ్చేదానికన్నా ఓ మూడు వందలు తక్కువ చెబుతాడు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. మిగతా విషయాల్లో మనందరిలాంటివాడే. గొడుగు పట్టుకెళ్లిన రోజు వాన రాదు, తాళంచెవి జేబులో పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు, పెళ్లాం పిలిస్తే మూడోసారికి పలుకుతాడు.

జీతం అడిగితే తప్పించుకోవడానికి జనం రకరకాల దారులు కనిపెట్టారు. “ఏదో, గడిచిపోతోందండీ” అని ఆకాశం వంక చూసేవాళ్లు కొందరు. “మీకు తెలియందేముంది” అని నవ్వేసేవాళ్లు కొందరు. ఇంకొందరైతే బోనసూ, రాబోయే ఇంక్రిమెంటూ, పక్క సీటువాడి ఓవర్‌టైమూ అన్నీ కలిపేసి ఓ పెద్ద అంకె చెప్పి, మన మొహం ఎలా మాడిందో చూసి ఆనందిస్తారు. కళ్లద్దాలాయన ఈ రకాల్లో దేంట్లోనూ చేరడు. అడిగీ అడగ్గానే చిల్లరతో సహా చెప్పేస్తాడు. “పదమూడు వేల ఏడు వందలండీ, కటింగులు పోను.” ఏడు వందలు, కటింగులు అన్నాక ఎవడు మాత్రం అనుమానిస్తాడు? అబద్ధమాడేవాడు చిల్లర జోలికి పోడని అందరికీ గట్టి నమ్మకం.

కాకపోతే జవాబు చెప్పేముందు ఓ చిన్న ప్రశ్న వేస్తాడు. “అది సరేగానీ, మీ ఉద్యోగంలో ఇప్పుడు ఏపాటి ఇస్తున్నారండీ?” అవతలివాడు తనది చెబుతాడు. వెంటనే ఈయన కళ్లు ఇంతలేసి చేసుకుని “అబ్బో! అంతొస్తుందా!” అంటాడు. అసలే పెద్ద పవరున్న అద్దాలు, వాటి వెనక కళ్లు మామూలుగానే రెండింతలు కనిపిస్తాయి. ఆ కళ్లతో ఆశ్చర్యపోతే ఎదుటివాడికి తన జీతం మీద కొత్తగా గౌరవం పుడుతుంది. ఆ పైన ఈయన తన మూడు వందలు తక్కువ అంకె చెబుతాడు. “పాపం” అనుకుంటూ, ఛాతీ కాస్త విరుచుకుని, వచ్చినవాడు వెళ్లిపోతాడు.

కొందరు తమది చెప్పరు, ఎదుటివాళ్లదే కావాలంటారు. వాళ్లతోనూ ఈయనకి ఇబ్బంది లేదు. బజారు చివర కళ్లద్దాల షాపులో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం, వదులైన స్క్రూలు తిప్పడం, మనుషుల ముక్కులకి కళ్లజోళ్లు సరిచేయడం ఆయన పని. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్ల ఫ్రేము విరిగితే టేపు చుట్టారా, దారం కట్టారా, ఎన్నేళ్లుగా అదే జోడు వాడుతున్నారు, ఫ్రేముల ట్రే ముందు పెడితే చెయ్యి మొదట ఏ వరస మీదకి పోయి, ధర చూసి ఏ వరసకి దిగింది, ఇవన్నీ చూసి జీతం వందతో సహా చెప్పేయగలడు. షాపులో మిగతావాళ్లు దీనిమీద టీ పందేలు కాసేవారు. ఓడిపోయి ఓడిపోయి మానేశారు.

ఒకసారి ఓ ఇంజనీరుగారు, ఆయన డ్రైవరూ ఒకేసారి షాపుకొచ్చారు. ఇద్దరికీ కొత్త అద్దాలు కావాలి. మాటల్లో ఇంజనీరుగారు అడగనే అడిగాడు, “నీకిక్కడ ఎంతిస్తారోయ్?” అని. షాపంతా చెవులు రిక్కించింది. ఇద్దర్లో ఎవరికన్నా తక్కువ చెప్పాలి? కళ్లద్దాలాయన ఇంజనీరు వంక చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవరు వంక చూశాడు, డ్రైవరు జీతంలోంచి మూడు వందలు తీసేసి చెప్పాడు. డ్రైవరు నిటారుగా నిలబడ్డాడు. ఇంజనీరుగారికి మాత్రం జాలి ముంచుకొచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు కారులో ఉన్న గొడుగు తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి వానలు పడటం మానేశాయి.

ఇదంతా వినేవాళ్లకి సరదాగానే ఉంటుంది. కాపురం చేసేవాళ్లని అడగాలి.

ఆయన భార్యని వీధిలో మిషనావిడ అంటారు. ముందు గదిలో కిటికీ పక్కన రెండు కుట్టు మిషన్లు వేసుకుని పనిచేస్తుంది. పెళ్లైన పదకొండో రోజున బస్సులో కండక్టరు అడిగితే, మొగుడు తన జీతం తొమ్మిది వేలని చెప్పడం ఆవిడ చెవిన పడింది. మోసపోయామనుకుంది. పన్నెండో రోజున తన అక్క మొగుడితో ముప్పై తొమ్మిది వేలని చెబుతుంటే విని, అమ్మయ్య అనుకుంది. పదమూడో రోజున పాలాయనతో ఆరు వేలన్నాడు. ఆ ఒక్క వారంలో ఆవిడ మూడుసార్లు పేదదైపోయి రెండుసార్లు ధనవంతురాలైంది. ఆదివారం నాడు ఇక లాభం లేదని ఆయన పెట్టె తెరిపించి జీతం కాగితం చూసింది.

“మరి అందరికీ ఇలా ఎందుకు చెబుతారండీ?”

“అడిగారుగా.”

“అడిగితే ఉన్నది చెప్పొచ్చుగా?”

“ఉన్నది చెబితే ఏముంది?” అన్నాడాయన.

ఆ మాటకి అర్థమేమిటో ఆవిడకి అప్పుడూ తెలియలేదు, తర్వాత పదిహేడేళ్లకీ తెలియలేదు. మొగుడు పిసినారా అంటే కాదు, అడిగినవాళ్లకి చేతనైంది ఇస్తాడు. అప్పులవాళ్ల భయమా అంటే అప్పు లేదు. సిగ్గా అంటే అదీ కాదు, సంతోషంగా చెబుతాడు. చివరికి ఇదొక రకం ఎక్కిళ్లనుకుని ఊరుకుంది.

అసలు బాధ అక్క దగ్గర వచ్చేది. అక్క మొగుడు కాంట్రాక్టరు. బావగారు ఎప్పుడు కలిసినా “తమ్ముడూ, ఎంతవరకూ వచ్చింది నీ జీతం?” అని భుజం మీద చెయ్యి వేస్తాడు. ఈయన మూడు వందలు తక్కువ చెబుతాడు. బావగారు ఆ పూట పెళ్లాంతో మంచిగా ఉంటాడు. అక్క మాత్రం చెల్లెలి మీద జాలితో పాత కర్టెన్లు పంపిస్తుంది. పదిహేడేళ్లలో ఎనిమిది జతల కర్టెన్లు వచ్చాయి. ఇంట్లో ఉన్నవి మూడు కిటికీలు.

ఇంకో చిత్రమేమిటంటే, ఇన్నేళ్లలో మిషనావిడకి ఎంతొస్తుందని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మొదట్లో జిప్పులు మార్చడం, ప్యాంట్ల అంచులు మడవడం, అంతే. రెండేళ్ల కిందట ఓ పెద్ద ఆసుపత్రికి ఏప్రన్లు కుట్టే పని దొరికింది. ఆ తర్వాత రెండు హోటళ్లు. రెండో మిషను కొంది, పనికి ఓ పిన్నిగారిని పెట్టుకుంది. పోయిన నెల అన్ని ఖర్చులూ పోను ముప్పై ఒక్క వేలు మిగిలాయి. కళ్లద్దాలాయన జీతం ఇరవై ఎనిమిది. ఆవిడ ఇది దాచిందీ లేదు, చెప్పిందీ లేదు. డబ్బు బ్యాంకులో వేసుకుంటూ పోయింది. మిషను చప్పుడులో డబ్బులు ఉంటాయని ఎవరికీ తోచదు కదా.

ఇలా ఎవరి దారిన వాళ్లుండగా, ఓ ఆదివారం పొద్దున సెలూన్లో కొంప మునిగింది.

ఆ పూట సెలూను బెంచీ మీద బావగారు, లెక్కల మాస్టారు, పాలాయన వరసగా కూర్చుని ఉన్నారు. సెలూనాయన ఎవరి గడ్డమో గీస్తున్నాడు. కళ్లద్దాలాయన మాటొచ్చింది. “పాపం, మంచివాడు. అరవై ఒక్క వేల ఏడు వందలు వస్తాయి, పర్లేదు” అన్నాడు బావగారు. మాస్టారు ఉలిక్కిపడ్డాడు. “అరవై ఒకటా? నాతో నలభై ఒక్క వేల ఏడు వందలన్నాడే!” సెలూనాయన కత్తి గాలిలో ఆపాడు. “నాకు పద్నాలుగు వేల ఏడు వందలని చెప్పాడండీ.” పాలాయన గొంతు సవరించుకున్నాడు. “మొన్న నెలే కదండీ అడిగాను. పదివేల ఏడు వందలన్నాడు.”

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో ఒక్కడికైనా అబద్ధమేమోనన్న అనుమానం రావాలి. రాలేదు. చిల్లర అంత కచ్చితంగా ఉంటే ఎలా వస్తుంది? మాస్టారు లెక్కల మనిషి కనుక, “ఎవరెప్పుడు అడిగారు?” అన్నాడు. బావగారు కాంట్రాక్టుల హడావిడిలో కలవడమే మానేశాడు, అడిగి రెండేళ్లయింది. మాస్టారు ఏడాది కిందట. సెలూనాయన ఆర్నెల్ల కిందట. పాలాయన మొన్న. పాత పేపరు అంచున అంకెలు వేసి, గీత గీసి, మాస్టారు కళ్లజోడు తీసేశాడు.

“జీతం పడిపోతోందయ్యా! రెండేళ్లలో యాభై ఒక్క వేలు పడింది. ఈ లెక్కన ఇంకో అయిదు నెలలకి సున్నా.”

“ఆ తర్వాతో?” అన్నాడు పాలాయన.

“ఆ తర్వాత ఈయనే షాపుకి నెలనెలా జీతం కట్టాలి.”

మర్నాడు పొద్దున మిషనావిడ తలుపు తీసేసరికి గుమ్మంలో లీటరుకి బదులు లీటరున్నర పాలున్నాయి. ఇదేమిటంటే, “ఉంచండమ్మా, మనుషులన్నాక కష్టాలు రావా” అని పాలాయన కళ్లు తుడుచుకుంటూ సైకిలెక్కేశాడు. పది గంటలకి లెక్కల మాస్టారు గ్రాఫు కాగితంతో వచ్చాడు. అడ్డంగా నెలలు, నిలువుగా వేలు, ఎర్ర ఇంకుతో కిందకి జారే గీత. “ధైర్యంగా ఉండమ్మా. గీత సున్నాని తాకకముందే వేరే ఉద్యోగం చూసుకోమను” అని కాగితం చేతిలో పెట్టి వెళ్లాడు. సాయంత్రం అక్క దిగింది, తొమ్మిదో జత కర్టెన్లతో.

షాపులో కూడా రగడ అయింది. యజమాని చెవిన పడి, ఆయన అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. “నేను నీకు పదివేలిస్తున్నానని ఊరంతా చెప్పుకుంటున్నారే! నా పరువేం కావాలి? చెప్పు, అందరి ముందూ చెప్పు, నేను నీకెంత ఇస్తున్నాను?”

కళ్లద్దాలాయన షాపులో ఖాళీ కుర్చీల వంక చూశాడు. ఆ నెల బేరాలు ఎంత పల్చగా ఉన్నాయో ఆయనకి తెలుసు.

“మీకు మిగిలేదానికన్నా కాస్త తక్కువేనండీ” అన్నాడు.

యజమాని లోపలికెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి రెండు టీలు చెప్పాడు.

ఇంతవరకూ మిషనావిడ విసుక్కుంది, నవ్వుకుంది, పాల డబ్బులు పాలాయనకి బలవంతంగా ఇచ్చేసింది. గురువారం నాడు ఇంటి ఓనరుగారు వచ్చినప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయింది.

ఓనరుగారు అదే ఇంటి వెనక భాగంలో రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. రిటైరై ఎనిమిదేళ్లయింది, భార్య పోయి మూడేళ్లు. నెమ్మదస్తుడు. గుమ్మం బయటే నిలబడి, చొక్కా బొత్తాం తిప్పుకుంటూ విషయం చెప్పాడు.

“అగ్రిమెంటు ఈ నెలాఖరుకి అయిపోతుంది కదమ్మా. వెనక కప్పు కారిపోతోంది, బాగు చేయించాలి. అద్దె రెండు వేలు పెంచక తప్పదు. మిమ్మల్ని అడగడానికి నోరు రాలేదు. మీ పరిస్థితి తెలుసు కదా. అందుకని వేరేవాళ్లకి మాటిచ్చేద్దామనుకుంటున్నాను. ఆదివారం వస్తామన్నారు. మీరు నిదానంగా చిన్న ఇల్లేదైనా చూసుకోండి, తొందరేం లేదు, నెలాఖరులోపు.”

మిషనావిడ కిటికీ వంక చూసింది. చిన్న ఇల్లు ఎక్కడైనా దొరుకుతుంది. ఈ కిటికీ దొరకదు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు వరకూ నల్లగుడ్డ మీద నల్లదారం కూడా కనిపించేంత వెలుతురు. నాలుగు మెట్లెక్కితే గది. మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా వస్తారు. ఆసుపత్రి వ్యాను సరిగ్గా గుమ్మం ముందు ఆగుతుంది. పన్నెండేళ్లుగా జనం “ఆ కిటికీ దగ్గర మిషనావిడ” అనే ఒకరికొకరు గుర్తు చెప్పుకుంటున్నారు. ఇక్కణ్ణించి కదిలితే, నిలదొక్కుకున్న పని మళ్లీ మొదటికొచ్చినట్టే.

సాయంత్రం మొగుడు చెప్పులు విప్పకముందే మొదలెట్టింది.

“రెండు వేలు. రెండంటే రెండు వేలు! మనం ఇవ్వలేమా? ఇవ్వగలం. మీ నోటి పుణ్యమాని ఆయన మనల్ని అడగడమే మానేశాడు. వెళ్లండి. ఇప్పుడే వెళ్లి, మీ జీతం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పి రండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

ఆయన వెనక గుమ్మం వైపు వెళ్లాడు. పావుగంటకి తిరిగొచ్చాడు. మొహం తేటగా ఉంది.

“చెప్పారా?”

“చెప్పాను. పదివేలని ఎవరో అన్నారట, అది శుద్ధ అబద్ధమని గట్టిగా చెప్పాను.”

“మంచిపని చేశారు. ఎంతని చెప్పారు?”

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు.

“ఎంతని చెప్పారండీ?”

“పద్దెనిమిది వేల తొమ్మిది వందలు.”

మిషనావిడ స్టూలు మీద కూలబడింది. ఓనరుగారి పెన్షను పందొమ్మిది వేల రెండు వందలని ఆ వీధిలో ఎవరికి తెలియదు!

“నా కిటికీ పోతుందండీ” అంది. కోపమంతా పోయింది. “మీ సరదాకి నా కిటికీ పోతుంది.”

ఆయన మొహం వాడిపోయింది. ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు. “చెబుదామనే వెళ్లానే. నిజంగా. ‘ఇరవై...’ అని నోటిదాకా వచ్చింది కూడా. ఏం చేయను, ఆయన ముందే మొహం అలా పెట్టుకుని అడిగాడు. నీకు తెలియదు. ముక్కు మీద ఫ్రేము సర్దేటప్పుడు నేను జనం మొహాలు ఇంత దగ్గర్నుంచి చూస్తాను. ఆ మొహం చూశాక నావల్ల కాలేదు.”

“ఏ మొహం?”

ఆయనకి అంతకన్నా చెప్పడం రాలేదు. “నువ్వే వెళ్లి చెప్పు. నేనేమీ అనుకోను. నా జీతం కాగితం పట్టుకెళ్లి చూపించు” అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమైందో ఆవిడకి అర్థమైంది. అయినా శనివారం సాయంత్రం కాగితం మడిచి పర్సులో పెట్టుకుని వెళ్లింది. ఆదివారం కొత్తవాళ్లు వచ్చేస్తారు, ఇక మొహమాటపడితే కుదరదు.

ఓనరుగారి ముందు గదిలో ఓ మంచం, ఓ బల్ల, బల్ల మీద వారం రోజుల గడులున్న మాత్రల డబ్బా. మూలన కప్పులోంచి కారే చోట బకెట్టు పెట్టి ఉంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు, ఎక్కడికీ వెళ్లకపోయినా. కుర్చీ దులిపి కూర్చోమన్నాడు.

“బాబాయిగారూ, ఆయన జీతం సంగతి మాట్లాడదామని వచ్చాను” అంటూ పర్సు జిప్పు తీసింది.

“అయ్యో, ఆయన మొన్న చెప్పాడుగా. పద్దెనిమిది వేల తొమ్మిది వందలని. నాకు మనసు కుదుటపడిందమ్మా. పదివేలని విన్నప్పుడు రెండు రాత్రులు నిద్రపట్టలేదు.” ఆయన బొత్తాం తిప్పుకున్నాడు. “నీకో మాట చెప్పనా? నవ్వకూడదు. ఒకటో తారీఖున మీ ఆయన అద్దె పట్టుకొచ్చినప్పుడల్లా నేనే అడుగుతాను, ఈ నెల ఎంతొచ్చిందని. అడక్కూడదు. తెలుసు. అయినా అడుగుతాను.”

“ఎందుకండీ?”

“నన్ను అందరూ అడుగుతారమ్మా. మా తమ్ముడు, మా అమ్మాయి అత్తగారు, బ్యాంకు కుర్రాళ్లు, పాత ఆఫీసువాళ్లు, పెన్షనెంత అని. చెబుతాను. ‘అంతేనా?’ అంటారు. ముప్పై నాలుగేళ్లు పనిచేశాను, అందరూ ఆ ఒక్క మాటే అంటారు. మీ ఆయన ఒక్కడే వినగానే ‘అబ్బో! అంతొస్తుందా!’ అంటాడు. నెలనెలా అంటాడు, కొత్తగా విన్నట్టే అంటాడు. ఆ తర్వాత తనది మూడొందలు తక్కువని చెబుతాడు. ఇక ఆ నెలంతా నాకు పెన్షను సరిపోతుంది.” నవ్వాడు. “వెర్రి అనుకో.”

మిషనావిడ వేళ్లు పర్సులో కాగితం మీదే ఆగిపోయాయి.

పాలాయన, సెలూనాయన, తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవరు, బేరాల్లేని యజమాని, ఆఖరికి ఆ కాంట్రాక్టరు బావగారు కూడా కళ్లముందు వరసగా కదిలారు. ఎంతొస్తుందని అడిగేవాళ్లలో సగం మందికి ఎదుటివాడి జీతంతో పనే లేదు. తమకొచ్చేది ఫరవాలేదని ఎవరైనా అంటే బాగుండునని అడుగుతారు. తన మొగుడు మహానుభావుడు పందొమ్మిదేళ్లుగా అడిగినవాళ్లందరికీ అదే చెప్పి పంపిస్తున్నాడు, తన పరువు మూడొందల చొప్పున కోసి ఇస్తున్నాడు. తను దాన్ని ఎక్కిళ్లనుకుంది. ఆవిడకి మొగుడి మీద ముద్దొచ్చింది, తన మీద తనకి కోపమొచ్చింది, వీటన్నిటి మధ్యా కిటికీ గుర్తుకొచ్చింది.

“అయితే నువ్వేం చెప్పడానికి వచ్చావమ్మా? ఆయన జీతం నిజంగా ఎంత?” అన్నాడు ఓనరుగారు. అడుగుతూనే మొహం ఓ పక్కకి బిగించుకున్నాడు, సూది వేయించుకునేవాడిలా. మొగుడు చెప్పిన మొహం ఇదేనని ఆవిడకి అర్థమైంది.

పర్సు జిప్పు మూసేసింది.

“ఆయన మీకు చెప్పిందే బాబాయిగారూ. అందులో మార్పేం లేదు. కానీ మీరు నన్ను అడగలేదు కదా.”

“నిన్నా? నిన్నేమడగాలి?”

“నాకెంతొస్తుందని.”

ఓనరుగారు ఆవిడ వంక వింతగా చూశాడు. పన్నెండేళ్లుగా గోడ అవతల మిషను చప్పుడు వింటున్నాడు. అది ఆయనకి వాన చప్పుడులాంటిదే. “నిజమే సుమా, ఎప్పుడూ అడగలేదు. ఎంతొస్తుందమ్మా?”

ముప్పై ఒక్క వేలు నాలిక చివరన ఉంది. ఎంత గర్వంగా చెప్పొచ్చు! రెండేళ్లుగా ఒక్కరైనా అడుగుతారేమోనని చూసిన ప్రశ్న అది. ఆవిడ బకెట్టు వంక చూసింది, మాత్రల డబ్బా వంక చూసింది, ఇస్త్రీ చొక్కా వంక చూసింది.

“పద్దెనిమిది వేల ఆరు వందలండీ” అంది. “దారం ఖర్చులు పోను.”

ఓనరుగారి మొహం విప్పారింది. “అబ్బో! మంచి సంపాదనే!” వేళ్ల మీద కూడుకున్నాడు. “ఇద్దరిదీ కలిపితే... ముప్పై ఏడు వేల అయిదు వందలు! ఇంకేం, అద్దె పెంచినా మీకేం భయం? వేరేవాళ్లెందుకు నాకు?” అంతలో వేళ్లు ఆగాయి. గొంతు కాస్త తగ్గింది. “అంటే... నాకు దాదాపు రెట్టింపన్నమాట.”

అబద్ధం ఎంత జాగ్రత్తగా ఆడినా ఎక్కడో ఓ మూల కారుతుంది. మిషనావిడ చటుక్కున అందుకుంది.

“తినేవాళ్లమూ ఇద్దరమే కదండీ. సగం చేస్తే మనిషికి పద్దెనిమిది వేల ఏడు వందల యాభై. మీరు ఒక్కరూ పందొమ్మిది వేల రెండు వందలు. మీరే పైన.”

ఓనరుగారు లెక్క సరిచూసుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. నిజంగానే తనే పైన. కుర్చీలో వెనక్కి వాలి, ఉన్నవాళ్లకి ఉండే నిదానంతో, “సరేలేమ్మా, రెండు వేలు మీకు భారం. పదిహేను వందలు పెంచుతాను, అంతే. అగ్రిమెంటు మూడేళ్లకి రాయిద్దాం. రేపొచ్చేవాళ్లకి ఇల్లు లేదని చెప్పేస్తాను” అన్నాడు.

ఆవిడ ఇంటికొచ్చి మొగుడికి వడ్డిస్తూ జరిగిందంతా చెప్పింది. కిటికీ మిగిలిందని వినగానే ఆయన “హమ్మయ్య” అని పీట మీద కదిలి కూర్చున్నాడు. సగం చేసి చెప్పిన లెక్క దగ్గర మాత్రం తినడం ఆపి, చేతిపని తెలిసినవాడు ఇంకో పనివాడి పనితనం చూసినట్టు పెళ్లాం వంక చూశాడు.

“ఇది నాకెప్పుడూ తట్టలేదే!” అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిణ్ణి ఎప్పుడూ అడగని మాట అడిగాడు. “అవునూ, నీకు నిజంగా ఎంతొస్తుంది?”

మిషనావిడ గరిటె గిన్నెలో పెట్టి ఆయన మొహం వంక చూసింది. రోజంతా నిలబడి స్క్రూలు తిప్పి వచ్చిన మొహం. మొన్న పెళ్లాం కోసం తన జీతం కాగితం తనే పట్టుకెళ్లమన్న మొహం. ఆయనకొచ్చే ఇరవై ఎనిమిది వేలు ఆవిడకి ఎప్పుడో తెలుసు, లెక్క వేసుకునే అవసరం కూడా లేకపోయింది.

“ఇరవై ఏడు వేల ఏడు వందలండీ” అంది. “దారం ఖర్చులు పోను.”

ప్రతి శనివారం ఏప్రన్ల మూటలు వ్యానులోకి మోసేది ఆయనే. మూటకెన్నో, ఏప్రనుకెంతో ఆయనకి తెలుసు. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాడి జీతం విరిగిన ఫ్రేము చూసి చెప్పేవాడు, తన ఇంట్లో మిషను చప్పుడుకి చెవులు మూసుకుని బతకడు కదా. ఆయన అద్దాల వెనక కళ్లు పెద్దవయ్యాయి, పెదాలు ఓసారి కదిలాయి. కంచం ముందుకి జరిపాడు.

“ఇంకాస్త పెట్టు” అన్నాడు.

ఆ పూట ఆయన రోజూకన్నా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.